తీగలో విల్లు మోత

బీజాన్ చెవులకున్న హెడ్‌ఫోన్ లాగేసి, నిప్పు తగిలినట్టు బల్ల మీద పడేసింది.

"వీడు నా కొడుకు కాదు," అంది.

షాహీన్ చంకలో బిడ్డను సర్దుకుంటూ అత్త మొహంలోకి చూసింది. తెర మీద ఖాజా పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది. బల్ల మీద పడిన హెడ్‌ఫోన్లోంచి సన్నగా, బావి అడుగు నుంచి ఎవరో పిలుస్తున్నట్టు, "అమ్... మ్... అమ్..." అని వినపడుతోంది.

"అట్లంటావేందత్తా? గొంతు వినపడలేదా నీకు?"

"గొంతు ఉండాది. గొంతులో మనిషి లేడు. పద ఇంటికి."

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల వరుస చివర, రేకుల కప్పు కింద ఉండేది గురుస్వామి నెట్ సెంటర్. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి గదులు చేసి, ఒక్కో గదిలో ఒక్కో కంప్యూటర్ పెట్టాడు. అది రెండువేల ఆరో సంవత్సరం. ఆ చుట్టుపక్కల వీధుల్లో కువైట్‌కి మనిషిని పంపని ఇల్లు తక్కువ. గురువారం మధ్యాహ్నం అక్కడి పనివాళ్లకు సగం పూట సెలవు దొరుకుతుంది కాబట్టి, ఇక్కడ ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి గురుస్వామి వాకిట్లో తమ వంతు కోసం కూర్చునేవాళ్లు. ఫోను మాదిరి నిమిషాలు లెక్క పెట్టుకోనక్కర లేదు. మొహం కనపడదు గానీ, కడుపునిండా మాట్లాడుకోవచ్చు.

ఖాజా అక్కడ ఒక సేటు ఇంట్లో డ్రైవరు. బిడ్డ కడుపులో ఉండగా కువైట్‌కి వెళ్లాడు. ఇప్పుడు వాడికి పళ్లు వస్తున్నాయి. తండ్రి అంటే వాడికి ఒక నల్లటి హెడ్‌ఫోన్, అంతే. ఎండాకాలం మొదట్లో కొన్ని వారాలు ఖాజా పేరు పక్కన చుక్క వెలగలేదు. డ్యూటీ ఎక్కువైంది అన్నాడు. మళ్లీ వెలిగినప్పటి నుంచే మాట ఇట్లా అయింది. ముక్కలు ముక్కలుగా, సాగి సాగి వస్తోంది. "లైను బాగలేదు" అని ఖాజా టైపు చేస్తాడు. "అవును, లైను బాగలేదు" అని షాహీన్ టైపు చేస్తుంది. టైపు చేసింది మాత్రం చక్కగా వస్తుంది, పోతుంది.

బీజాన్ అనుమానం ఊరికే పుట్టింది కాదు. వాళ్లు దూదేకులవాళ్లు. ఇంట్లో మాట తెలుగే. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గానీ, బీజాన్ మొగుడు హుసేనప్ప బతికున్నన్నాళ్లు పెద్ద విల్లు భుజాన వేసుకుని నంద్యాల దాకా పోయి పరుపులు కుట్టి వచ్చేవాడు. విల్లుకు నరం తాడు కట్టి ఉంటుంది. దాన్ని దూదికి ఆనించి చెక్క గుండుతో కొడితే, తాడు మోగుతుంది, గడ్డకట్టిన దూది పింజలై లేస్తుంది. ఆ కొట్టే దెబ్బ ఒక్కో ఇంటివాడిది ఒక్కో తీరు. వీధి మొగదల మోత వినపడగానే వచ్చింది ఎవరో లోపలున్న ఆడవాళ్లు చెప్పేసేవాళ్లు. హుసేనప్పది టంయ్, టంయ్, టక్ అని, ఊపిరి పీల్చుకున్నంత సేపు ఆగి, మళ్లీ టంయ్. ఆ ఆగడంలోనే ఉంది అంతా. బయటివాళ్లు ఎంత ప్రయత్నించినా ఆ ఆగడం పట్టుబడదు. అతని తండ్రి దగ్గర అతనికి వచ్చింది, అతని దగ్గర ఖాజాకు వచ్చింది.

ఇందాక బీజాన్ అడిగింది అదే. "రేయ్, నువ్వు ఖాజావే అయితే మీ నాయన దెబ్బ కొట్టి వినిపీరా." అవతల అతను మైకు మీద వేలితో కొట్టాడు. ఇవతలికి వచ్చేసరికి రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక్క మోత, సాగి సాగి, ఆగకుండా.

ఇంటి దారిలో బీజాన్ ముందు నడిచింది. షెడ్ల ముందు సగం చెక్కిన అమ్మవార్లు, ఆంజనేయులు వరుసగా నిలబడి ఉన్నారు. కళ్లు చివర్న తెరుస్తారు కాబట్టి అన్ని మొహాలూ నున్నగా, గుడ్డివిగా ఉన్నాయి. రోజూ చూసేవే. ఆ పూట మాత్రం షాహీన్ బిడ్డ మొహం పైటలో దాచుకుని నడిచింది.

*

హుసేనప్ప విల్లు ఇంటి నడిమి గోడకు వేలాడుతూ ఉంటుంది. పొద్దుగూకే వేళ బీజాన్ దాని కింద చాప పరుచుకుని కూర్చుంది.

"మీ మామ నంద్యాల ఆసుపత్రిలో పోయిన పూట నేనీడే ఉండా," అంది. "ఎవురూ ముట్టుకోలే. గాలి లేదు. విల్లు దానంతటది మోగింది. ఆగకుండా, ఒకటే మోత. ఆయన కొట్టినట్ల కాదు, ఆయన్నే ఎవురో కొట్టినట్ల. ఇయ్యాల ఆ తీగలో వినింది అదే మోత షాహీనూ. నాకు తెలుసు."

"తీగ బాగలేదత్తా. గురుస్వామన్న చెప్తానే ఉండాడు గదా."

"తీగ బాగలేకుంటే నువ్వు సదివే అచ్చరాలెట్ల వస్తాండాయి?"

షాహీన్ బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

"అచ్చరాలెవరైనా కొడతారు," అంది బీజాన్. "వానితో పాటు ఉండేటోళ్లు కొడతాండారేమో, మనం ఏడుస్తామని. వచ్చే గురువారం కాదు, ఆ పై గురువారం పొద్దుగూకేలోపల పాతేహా ఇప్పిస్తా. సాయిబుకు కబురు చేస్తా. నా బిడ్డ ఆకలితో తిరగగూడదు."

తర్వాత కోడలి మెడ వైపు చూసి, వేరే ఎవరితోనో అన్నట్టు నెమ్మదిగా అంది. "ఆ పొద్దుకు అయి కూడా తీసేయల్ల."

షాహీన్ చెయ్యి నల్లపూసల మీదికి పోయింది. చనిపోయినవాళ్లకు పెట్టే అన్నం బతికున్న మొగుడి పేరున పెడితే ఏమవుతుంది? ఎవరిని అడగాలో కూడా తెలియని ప్రశ్న. తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్లి చూపులకని బడి మానిపించారు ఆమెను. ఆ పుస్తకాల్లో ఎక్కడో ఇలాంటివాటికి జవాబు ఉండేదేమో, తాను అక్కడి దాకా పోలేదేమో అని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది. బిడ్డ నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసుకునే మనిషి. తలుపు గడియ పెట్టి, మళ్లీ వచ్చి పెట్టానా లేదా అని చూసే మనిషి. అలాంటి మనిషి నెత్తిన అత్త ఇంత పెద్ద మాట పెట్టి పోయింది.

ఆ రోజు నుంచి బిడ్డ పాలు తాగుతూ తాగుతూ ఆపి గోడ వైపు చూడడం మొదలుపెట్టాడు. విల్లు వైపే. షాహీన్ దాని మీద పాత చీర కప్పింది. కప్పాక ఇంకా అన్యాయంగా ఉంది, చీర కింద ఎవరో ఒంగి నిలబడ్డట్టు. తీసేసింది.

ఖాజాకు మాట అంటే ప్రాణం. పరుపు అమ్మడానికి పోతే, బేరం కుదిరేసరికి కొనేవాళ్లకు ఆవలింతలు వచ్చేవి. దాని మీద పడుకుంటే ఎంత సుఖమో పడుకోకముందే తెలిసేట్టు చెప్పేవాడు. "మీ ఆయన నోరు మూస్తే ఊరు నిద్రపోతాది" అని వీధి ఆడవాళ్లు ఏడిపించేవాళ్లు. ఆమె అతన్ని చూసి చేసుకోలేదు. తలుపు వెనక నిలబడి, ముందు గదిలో అతను మాట్లాడుతుంటే విని చేసుకుంది. అందుకే మిగతా అందరికంటే ఆమెకు ఆ తీగ మీద కసి.

*

"లైను నాది గాదమ్మా," అన్నాడు గురుస్వామి. "టీవీ తీగతోనే నెట్టు ఇస్తాండాడు బాబ్జాన్. సినిమా దించితే దిగుతాది. ఫోటో వస్తాది. మాటకే రోగం. నాకూ అనుమానంగానే ఉండాది. పోదాం పా, నేనూ వస్తా."

బాబ్జాన్‌కు ఊరంతా కేబుల్ తీగలు. బస్టాండు ఎదురుగా ఐఎస్‌డీ బూతు కూడా అతనిదే. షాహీన్ పుట్టింటి వీధివాడు. చిన్నప్పటి నుంచి చిన్నాయనా అని పిలిచేది. వాళ్లు పోయేసరికి బూతు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"చిన్నాయనా, మాట ముక్కలు ముక్కలుగా వస్తాండాది. నీ తీగ యాడన్నా తెగిందేమో చూడు."

"తెగలేదు మే. నేనే బిగించినా," అన్నాడు బాబ్జాన్, దాచిపెట్టాల్సిన పని ఏమీ లేనట్టు.

"బిగించినావా?"

"మల్ల? బూతుకు అద్దాల తలుపు పెట్టిస్తి. ఫ్యాను పెట్టిస్తి. మీరంతా పోయి ఈయప్ప చెక్కల సందున కూర్చొని కువైటోళ్లతో ముచ్చట్లు పెడితే నా బూతులో ఈగలు మాట్లాడల్లనా? నంద్యాల నుంచి మనిషిని పిలిపిచ్చి, మాట పోయే దోవ సన్నం చేపిచ్చినా. సినిమాలు చూసుకోండి, రిజల్టు చూసుకోండి, నేనేమన్నా అంటినా? మాట్లాడల్లంటే ఈడికి రాండి."

గురుస్వామికి ఒళ్లు మండింది. "బాడుగకిచ్చినాక దాంట్లో ఏం పోతాందో తొంగిచూసేదానికి నువ్వెవురప్పా? తీగకు అన్నీ ఒకటే. ఏది ముందొస్తే అది పోతాది. అడ్డం పడేదానికి నీకు హక్కు లేదు."

"హక్కంట! ఎండలో స్తంభాలెక్కింది ఎవురు? పిడుగు పడి పెట్టెలు మాడిపోతే మళ్ల తెచ్చుకునింది ఎవురు? నా తీగ, నా ఇష్టం. అంత పౌరుషం ఉంటే నువ్వే ఒక తీగ ఏసుకోపో."

"ఏస్తే ఏస్తా!"

"ఏయి. నీకు నిచ్చెన నేనే పట్టుకుంటా, కిందికి లాగేదానికి."

బస్సు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. ఎవరో "రెండో తీగ పడితే మా ఇంటి ముందర నుంచి ఏయండప్పా, బట్టలారేసుకుంటాం" అన్నారు. ఇద్దరూ గొంతులు పెంచారు. షాహీన్ భుజాన బిడ్డ ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపుకు ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. ఆ సందులోనే ఆమె మాట్లాడింది.

"తీగ నీదే చిన్నాయనా. ఎవురు కాదన్నారు? నీ బాడుగ ఎంతో చెప్పు. చాలకుంటే పెంచు. తిట్టుకుంటా ఇస్తాం. బాడుగ తీసుకొని గొంతు పిసికేదేం న్యాయం? పిసికితే పిసికినావు, పిసికినా అని చెప్పినావా? తీగ పాడైందో మనిషే పాడైనాడో తెలీక ఇంట్లో మా అత్త పాతేహాకు బియ్యం ఎత్తిపెడతాంది."

బాబ్జాన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆమె గురుస్వామి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం తక్కువనా అన్నా? అన్నీ ఒకటే అంటావు. పోయిన నెల పక్క గదుల్లో కాలేజీ పిల్లోళ్లు సినిమాలు దించుకుంటాంటే మా మాట ఆగిపోలేదా? అడిగితే 'ఎవురి వంతు వాళ్లదమ్మా' అంటివి. సినిమా రేపు దిగినా అదే సినిమా. మాట ఆగితే మళ్ల అది రాదు. రద్దీ ఉన్నప్పుడు మాటను ముందు పోనీ, సినిమాను ఆపు. కానీ అందరి మాటా పోవల్ల. దుడ్లెక్కువ ఇచ్చినోని మాట ముందు, లేనోని మాట యెనక అని మాత్రం పెట్టొద్దు."

"ఇదేందమ్మా, అటూ కాకుండా ఇటూ కాకుండా!" అన్నాడు గురుస్వామి, కొంచెం చిన్నబుచ్చుకుని. "నా పక్కన నిలబడతావనుకుంటే నడిమధ్యన నిలబడితివే."

"నేను యాడ నిలబడినానో నాకు తెలీదన్నా. ఆ చివర నా మొగుడుండాడు. ఈ చివర నేనుండా. నడమ ఉండేది మీరు."

బాబ్జాన్ రోడ్డు వైపు చూశాడు. ఖాజా పెళ్లికి అతనే దగ్గరుండి లైట్లు కట్టించాడు. ఆ బూతుకు కువైట్ నుంచి ఫోన్లు వచ్చే రోజుల్లో, ఎండనక వాననక వీధుల్లోకి పోయి మనుషుల్ని పిలుచుకొచ్చింది కూడా అతనే. ఆ సంగతి షాహీన్‌కు గుర్తుంది. అందుకే ఎక్కువ తిట్టలేకపోయింది.

"పో మే," అన్నాడు చివరికి. "రేపే ఆ మనిషిని పిలిపిచ్చి వదులు చేపిస్తా. మీ అత్తకు చెప్పు, బియ్యం ఒండుకుని తినమని."

*

తర్వాతి గురువారం బీజాన్ రానంది. "ఒకసారి వినింది చాలు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. షాహీన్ బిడ్డను ఎత్తుకుని ఒక్కతే పోయింది.

పచ్చచుక్క వెలిగింది. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది. బావి అడుగు గుబగుబ లేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు, పక్కన మలయాళంలో ఎవరో పకపకా నవ్వడం వినపడ్డాయి. 

"షా..." అన్నాడు ఖాజా. "షా... హీ..." మధ్యలో పెద్ద ఖాళీ. "...న్. బా... బు... ఎట్..."

మళ్లీ అదే. ముక్కలు. సాగదీత. ఆమెకు ఏడుపు వచ్చింది. బాబ్జాన్ మాట తప్పాడు. కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: కార్డు కొనుక్కుని బూతుకు ఫోన్ చెయ్యి, మీ అమ్మ నీ గొంతు వినాలి. జవాబు కొంచెం ఆగి వచ్చింది: ఈ నెల కార్డు కుదరదు. అయితే వచ్చే గురువారం మీ అమ్మను నంద్యాల పిలుచుకుపోతా, అక్కడ లైను బాగుంటుందంట, అని కొట్టింది ఆమె. ఈసారి జవాబు వెంటనే వచ్చింది: అంత దూరం ఎందుకు, బిడ్డతో బస్సుల్లో, అన్ని చోట్లా లైను ఇంతే.

ఆమె ఆ అక్షరాల వైపు చూస్తూ కూర్చుంది. ఖాజా ఎప్పుడైనా ఆమెను ఒక చోటికి పోవద్దన్నాడా? యాగంటి పోదామంటే యాగంటి, అవుకు చెరువు చూద్దామంటే అవుకు, నోట్లో మాట ఉండగానే చెప్పులు వేసుకునేవాడు. అచ్చరాలెవరైనా కొడతారు. అత్త మాట చెవిలో పలికింది.  తెర మీద పచ్చచుక్క రెప్ప వెయ్యని కన్ను మాదిరి తననే చూస్తోంది.

వచ్చేదారిలో బూతు ముందు ఆగింది. "ఎందుకు చిన్నాయనా మాట ఇచ్చేది, తప్పేది?"

"నా బిడ్డల మీద ఒట్టు మే. చెప్పిన మర్నాడే వదులు చేపిచ్చినా. గురుస్వామినడుగు, ఆడికొచ్చే రామన్న పెండ్లాన్నడుగు. అందరికీ బాగొస్తాండాదంట."

"నాకు రాలే."

"నా తీగ తప్పు గాదు మే!"

"ఒకసారి చెప్పకుండా పిసికినోనివి. ఇప్పుడు పిసకలేదంటే ఎట్ల నమ్మేది?"

బాబ్జాన్ తల దించుకుని బూతు లోపలికి పోయాడు. జనం ముందు చెంప మీద కొట్టినా అతను అంతగా ముడుచుకుపోయేవాడు కాదు.

ఇంట్లో బీజాన్ చేటలో బియ్యం ఏరుతోంది. ఆ బియ్యం ఎందుకో చెప్పనక్కర లేదు. షాహీన్ ఆమె ఎదురుగా కూలబడింది.

"అత్తా, ఒక్క మాట. వచ్చే గురువారం నంద్యాల పోదాం. ఆడ టెలిఫోనోళ్ల లైను, బాబ్జాన్ చెయ్యి పడనిది. మామ దెబ్బ కొట్టమని మళ్ల అడుగు. తప్పుగా వస్తే, మనం తిరిగొచ్చినాక ఈ అన్నం నేనే ఒండుతా. ఇయి కూడా నేనే తీస్తా. నువ్వు ముట్టుకోబళ్లే."

బీజాన్ చేట కింద పెట్టింది. "సరిగ్గా వస్తే?"

"వస్తే ఇంక నా మొగుణ్ణి సంపొద్దు."

*

నంద్యాల బస్సులో బిడ్డ శిరివెళ్ల దాటేదాకా ఏడ్చి, తర్వాత నిద్రపోయాడు. షాహీన్ రెండుసార్లు వాడి ముక్కు కింద వేలు పెట్టి చూసింది. కిటికీ బయట పత్తి చేలు. ఏకడానికి ఎవరూ లేని దూది, అనుకుంది ఎందుకో. బీజాన్ ఒళ్లో చిన్న మూట. అందులో ఏముందని షాహీన్ అడగలేదు. అత్త వేళ్లు మూట మీద కొడుతున్నాయి: టంయ్, టంయ్, టక్. ఆగడం. టంయ్. తనకు తెలియకుండానే కొడుతోంది.

గాంధీ చౌక్ దగ్గర మేడ మీది సెంటర్ అది. కూలర్ తిరుగుతోంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఇద్దరికీ రెండు హెడ్‌ఫోన్లు తగిలించి, మాట వినపడుతోందా అని కూడా అడగలేదు; ఇక్కడ వినపడకపోవడం ఉండదన్నట్టు.

పచ్చచుక్క వెలిగింది. బీజాన్ పలకరించలేదు. బిడ్డ సంగతి చెప్పలేదు. "మీ నాయన దెబ్బ కొట్టు," అంది.

అవతల నిశ్శబ్దం. ఎంత శుభ్రమైన నిశ్శబ్దం అంటే అందులో ఒక మనిషి ఊపిరి పీలుస్తున్నాడని తెలుస్తోంది. తర్వాత వేలు మైకును తాకింది.

టంయ్. టంయ్. టక్.

ఊపిరి పీల్చుకున్నంత సేపు.

టంయ్.

షాహీన్‌కు ఆ విద్య తెలియదు. కానీ ఆ ఆగడం దగ్గర అత్త భుజాలు ఎలా దిగిపోయాయో చూసింది. హుసేనప్ప ఇంటి ముందు విల్లు దించి "ఒసే, నీళ్లియ్యి" అని ఉంటే ఎలా దిగుతాయో అలా దిగాయి. బీజాన్ బల్ల మీద తల ఆనించింది. "వాడే," అంది. "వాడే షాహీనూ. ఉండాడు. నా కొడుకు ఉండాడు."

షాహీన్ నవ్వింది. నవ్వుతూనే మైకులోకి వంగింది. "ఏమబ్బా, విన్యావా? మీయమ్మ నిన్ను సంపి రెండు వారాలాయ. ఇప్పుడే లేపినాం. మాట్లాడు. ఈడ లైను అద్దం మాదిరి ఉండాది."

"షా..." అన్నాడు ఖాజా.

ఆమె ఎదురుచూసింది.

"షా... హీ..." ఖాళీ. ఆ ఖాళీలో ఫ్యాను తిరుగుతోంది, చెంచా గ్లాసుకు తగులుతోంది. అవి తెగడం లేదు. ఏదీ తెగడం లేదు. "...న్. నా... నాలు... క..."

పోయిన గురువారం ఆ చెంచా చప్పుడు ఎంత చక్కగా వినపడిందో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. తీగ అప్పటికే బాగుంది. బాబ్జాన్ నిజమే చెప్పాడు. చెంచా చప్పుడు చక్కగా వచ్చే దోవలో మొగుడి మాట ముక్కలుగా వస్తుంటే, తాను దోవను తిట్టింది.

తెర మీద అక్షరాలు పడడం మొదలైంది. అతను టైపు చేస్తున్నాడు.

"టైపు చేయొద్దు," అంది ఆమె.  "మాట్లాడు. ఎంతసేపైనా సరే."

ఎంతో సేపు పట్టింది. ఎండాకాలం మొదట్లో బండి పల్టీ కొట్టింది. దవడ విరిగింది. నాలుక తెగితే కుట్లు వేశారు. నడుస్తున్నాడు, తింటున్నాడు, బండి నడుపుతున్నాడు. మాట మాత్రం ఇంతే అన్నారు. మొదటిసారి నెట్ ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో తెలియక వణికిపోతుంటే, ఆమే అంది "లైను బాగలేదు" అని. ఆ మాట పట్టుకున్నాడు.

"లై... ను... అని... అనుకో... నీ... అ... నీ..."

బీజాన్ ఏడవలేదు. హెడ్‌ఫోన్ సర్దుకుని, పక్కింటి పిల్లవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఏంరా, చిన్నప్పుడు మూడేండ్ల దాకా ఇట్లనే మాట్లాడితివి గదరా. నాకు అర్థం కాలేదా అప్పుడు? సేటుతో చెప్పి బిరీన వచ్చేయ్. బిడ్డ మీ నాయన మాదిరే ఉండాడు." మూట విప్పింది. అందులో హుసేనప్ప చెక్క గుండు. దాంతో బల్ల మీద మెల్లగా కొట్టింది. అవతల నుంచి వేలు జవాబు చెప్పింది. తల్లీ కొడుకులు అలా కొట్టుకుంటూ, మాటలే లేకుండా, ఎంత సంతోషంగా ఉన్నారో చూస్తూ షాహీన్ బిడ్డను గట్టిగా పట్టుకుంది. వాడు నిద్ర లేచి ఆ చప్పుడు వైపు చెయ్యి చాపాడు.

గొంతు ఉంది, గొంతులో మనిషి లేడు అంది అత్త ఆ రోజు. ఇప్పుడు మనిషి ఉన్నాడు. తలుపు వెనక నిలబడి విన్న ఆ గొంతు ఎక్కడ?

*

తిరిగి వచ్చేసరికి ఆళ్లగడ్డలో పొద్దు గూకుతోంది. బీజాన్ ఇంటికి పోయి, పాతేహాకని పెట్టిన బియ్యంతో తీపన్నం చేసి వీధి పిల్లలందరికీ పెట్టింది. విల్లు దించి దుమ్ము తుడిచి, తాడు బిగించి, మళ్లీ గోడకు పెట్టింది. వాడొస్తే పనికొస్తుంది అంది.

షాహీన్ మాత్రం బస్టాండులో ఆగింది. బాబ్జాన్ బూతు మెట్టు మీదే ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, తిట్లకు సిద్ధంగా.

"నీ తీగ బాగుంది చిన్నాయనా," అంది ఆమె.

అతను ఆమె మొహం చూశాడు. "చెప్తే నమ్మకపోతివి" అనాల్సింది. అనలేదు. "అయితే పాడైంది ఏంది మే?" అన్నాడు చాలా మెల్లగా. ఆమె తల వంచి బిడ్డ మొహం తుడిచింది. అతను అడగడం మానేసి, బిడ్డను కాసేపు ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత గురువారాలు ఆమె మళ్లీ గురుస్వామి దగ్గరికే పోయింది. కాలేజీ పిల్లలు సినిమా పెట్టుకుంటే, గురువారం మధ్యాహ్నం మాత్రం ఆపమంటున్నాడు గురుస్వామి. బాబ్జాన్ బూతు గోడకు ఒక కాగితం అంటించాడు: తీగలో ఏ మార్పు చేసినా ముందు చెప్పి చేస్తానని. ఇద్దరూ ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. తీగ మాత్రం అద్దంలా ఉంది.

"ఎట్లుండాదమ్మా?" అని అడుగుతాడు గురుస్వామి చెక్క మీది నుంచి తొంగిచూసి. "ఏమన్నా అడ్డం తగులుతాందా?"

"లేదన్నా. అంతా వినపడతాండాది."

అవతల ఖాజా ఒక మాట మొదలుపెట్టి ఆగుతాడు. నాలుక తిరిగేదాకా ఖాళీ. ఆ ఖాళీలోకి ఇంకో ఖాజా వస్తాడు. ముందు గదిలో కూర్చుని గలగలా మాట్లాడిన వాడు. ఆ సగం మాటను అందుకుని పూర్తి చేసి, దానికి ఇంకో నాలుగు చేర్చి, నవ్వించి పోతాడు. అప్పటికి ఈ ఖాజా నాలుక తిరిగి, మిగిలిన ముక్క వచ్చి చేరుతుంది. బతికున్నవాడికి ఆమె "ఊ" కొడుతుంది. రెండోవాడి మాట విన్నానని ఎవరికీ చెప్పదు. పక్క షెడ్లో ఉలి ఆగినప్పుడు, బిడ్డ కూడా ఆ ఖాళీ వైపే చెవి పెట్టినట్టు కనపడితే, ఆమె వాడి తల తన రొమ్ముకు అదుముకుని, "చెప్పు, వింటాండా" అంటుంది. ఎవరితో అంటోందో అవతల అతనికి తెలియదు.